మూడు లాప్‌టాప్‌లు, ఒక నీలం

రెండు వేల ఐదో ఆరో, సరిగ్గా గుర్తులేదు. విజయవాడ వన్‌టౌన్‌లో మా మామగారి చేనేత చీరల టోకు కొట్లో కూర్చుని, ఈ వ్యాపారానికి లాప్‌టాప్ కొనాల్సిందేనని నేను తీర్మానించాను. తీర్మానించడానికి నాకున్న అర్హత, పెళ్ళికి ముందు ఆరు నెలల కంప్యూటర్ కోర్సు. అందులో రెండు నెలలు కరెంటే లేదు. అయినా కొట్లో మౌస్ పట్టుకోవడం తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే కాబట్టి నా మాటకు ఎదురులేదు, మామగారి మాట తప్ప.

బయట ఊళ్ళ షాపులవాళ్ళు చీరల ఫొటోలు మెయిల్లో పంపమని అడుగుతున్నారు. మూటలు మోసుకుని ఆ ఊళ్ళన్నీ తిరిగి తిరిగి మా ఆయనకు నడుం పట్టేసింది. ఇదీ నా వాదన. మామగారు అంతా విని, "సరేనమ్మా, కానీ సరుకు నేను చూశాకే," అన్నారు. ఆయన దృష్టిలో లాప్‌టాప్ కూడా సరుకే. ఆయన చూపంటే బజారులో అంత గురి. నూలును రంగులో ఒక్కసారి ఎక్కువ ముంచినా ఆయన కన్ను పట్టేస్తుందని చెప్పుకునేవారు.

ఆ రోజుల్లోనే ఆ కన్ను ఒక మనిషి మీద పడింది. బందరు దగ్గర ఊళ్ళో ఇరవై ఏళ్ళకు పైగా మాకు చీరలు నేసిపెడుతున్న పెద్దాయన. మేము పంపే నూలుకు రంగు కూడా తన చేత్తోనే వేసుకునేవాడు. ఆయన నీలానికి బజారంతా పేరు. అలాంటి మనిషి పంపిన చీరలను మామగారు వరసపెట్టి తిప్పి పంపడం మొదలుపెట్టారు. నీలం నల్లబడిందట, అంచు తెలుపు మీగడ రంగులోకి దిగిందట.

"అతనికి చూపు మందగించిందమ్మా. కబురు కూడా చేశాను. దసరా దాకా చూసి, ఇక నూలు పంపడం మానేద్దాం," అన్నారు.

ఆ ఇంటికి మగ్గం తప్ప ఇంకో ఆధారం లేదని మా ఇద్దరికీ తెలుసు.

తిప్పి పంపే ప్రతి చీరకూ చీటీ గుచ్చాలి. చీటీలు రాసేది నేను. "రంగు తేడా. వాపసు." నా దస్తూరి గుండ్రంగా ఉంటుందని అందరూ మెచ్చుకునేవాళ్ళు. నాకు మాత్రం ఆ చీరలు నీలంగానే కనబడేవి. మొదటి చీరప్పుడు మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ అప్పుడే లాప్‌టాప్ సంగతి కదిపి ఉన్నాను, ఆయన ఊఁ అనాలి. రంగు దగ్గర ఆయన్ను కాదంటే లాప్‌టాప్‌కు నీళ్ళొదులుకోవడమే. పైగా నలభై ఏళ్ళ అనుభవం ఆ కన్నుది, నా కళ్ళదేముందని సర్దిచెప్పుకున్నాను. ఇలాంటివి సర్దిచెప్పుకోవడంలో నేను గట్టిదాన్నే.

ఇక పరీక్షలు మొదలుపెట్టాను. గవర్నర్‌పేటలో కంప్యూటర్ల షాపు ఒకటుంది. దాని ఓనరు ఒకప్పుడు టైపు మిషన్లు బాగుచేసేవాడు, మంచి ఓపికున్న మనిషి. "రెండ్రోజులు వాడి చూడండి మేడమ్, నచ్చితేనే తీసుకుందురుగాని," అని డెమో పీసులు ఇచ్చేవాడు. చిన్నవాటిలో చీర అంచు కనబడదు. పెద్దవాటిని మోయడానికి ఇంకో మనిషి కావాలి. అందుకని మధ్య సైజు, పద్నాలుగు అంగుళాలదని ఖాయం చేశాను. ఒక పొడుగాటి నోటుబుక్కులో గళ్ళు గీసి బరువు, బ్యాటరీ, కీబోర్డు, తెర, మూత గట్టితనం, ఒక్కోదానికీ పదికిన్నని మార్కులు వేశాను. పరీక్ష పేపర్లు దిద్దే పంతులమ్మకు కూడా అంత బిగువు ఉండదు.

బరువు పరీక్షకు మొదటిదాన్ని భుజాన వేసుకుని భవానీపురంలోని మా ఇంటి నుంచి కొట్టుకు సిటీ బస్సులో నిలబడి వెళ్ళాను. ఐదు మార్కులు. కంపెనీ కాగితం మీద బ్యాటరీ మూడు గంటలన్నారు. మా వీధిలో కరెంటు పోయిన మధ్యాహ్నం గంటన్నరకే కళ్ళు తేలేసింది. నాలుగు. ఒళ్ళో పెట్టుకునే కంప్యూటరని పేరేగానీ, ఒళ్ళో పెట్టుకుంటే పెనమే. దానికి గడి గీయలేదు కాబట్టి మార్కులు వేయలేదు.

మామగారి పరీక్షలు వేరు. మూతను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని నలిపి చూశారు. రెండు మూలలూ పట్టుకుని లాగారు. వాసన కూడా చూశారు. చివరికి, రంగు వెలుతురులో చూడాలంటూ మిషన్‌ను చీరలా రెండు చేతుల మీద పరుచుకుని కొట్టు బయట ఎండలోకి నడిచారు. వైరు వెనకాలే ఈడ్చుకుపోయింది. ఎండ పడగానే తెర మీద బొమ్మ మాయం.

"ఎండలో నిలవని రంగమ్మా. మనకొద్దు," అన్నారు.

నీడలో చూడాలని నచ్చజెప్పేసరికి నా తాతలు దిగొచ్చారు. నీడలోకి తెచ్చి ఖాళీ పేజీ తెరిచి చూపించాను. ఆయన కాసేపు కళ్ళు చికిలించి, "పసుపు కొట్టింది. తెలుపు తెల్లగా లేకపోతే దీన్లో నీలం ఏం నీలం?" అన్నారు. నాకు పేజీ మల్లెపువ్వులా ఉంది. అయినా తెర గడిలో మూడు వేసి తిప్పి పంపాను. రెండోది వేరే కంపెనీది. అదీ పసుపే. దానికీ మూడే వేశాను.

ఆ మధ్య ఇంట్లో కూడా ఇదే గోల. తన తెల్ల పంచెలు పసుపెక్కుతున్నాయని, చాకలికి చేతకావట్లేదని రోజూ విసుక్కునేవారు. ఇల్లు ప్రశాంతంగా ఉంటే చాలనుకునే మనిషిని కదా, నీలిమందు ఇంకాస్త, ఇంకాస్త వెయ్యమని, ఆయన శాంతించేదాకా చాకలికి నేనే చెబుతూ వచ్చాను.

మూడోదాన్ని షాపాయన స్వయంగా మా కొట్టుకు తెచ్చాడు. డబ్బా సీలు మా ముందే కోశాడు. ఖాళీ పేజీ తెరిచాడు. మామగారు వంగి చూసి పెదవి విరిచారు.

"ఇదీ పసుపే."

"మూడు కంపెనీలూ మీ మీద కక్ష కట్టాయాండీ పెద్దాయన గారూ!" అన్నాడతను నవ్వుతూ. "తెలుపంటే మీకు ఎలా ఉండాలండీ?"

"ఇలా ఉండాలి," అంటూ మామగారు తన పంచె చెంగు ఎత్తి తెర పక్కన పట్టారు.

పంచె నీలంగా ఉంది. పుట్టింటి దగ్గర నా బడి యూనిఫాం చొక్కా అంత నీలం. షాపాయన పంచెను చూసి, నన్ను చూసి, బల్ల మీదున్న వైరు చుట్టడం మొదలుపెట్టాడు. నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత గూట్లో వాపసుకు సిద్ధంగా ఉన్న చీర మీదికి చూపు పోయింది. దానికి గుండ్రటి దస్తూరితో చీటీ గుచ్చి ఉంది. నవ్వు ఆగిపోయింది.

కంటి డాక్టరు రెండు నిమిషాల్లో తేల్చేశాడు. రెండు కళ్ళలోనూ శుక్లాలు. పసుపు అద్దంలోంచి చూస్తున్నట్టే లెక్కని, ఇది మెల్లిమెల్లిగా వస్తుంది కాబట్టి మనిషికి తెలియదని చెప్పాడు. ఒక కంటికి ఆపరేషన్ చేశారు. కట్టు విప్పిన రోజు ఇంటికొచ్చి దండెం మీద పంచె చూసుకుని, "ఎవరమ్మా, ఇంత నీలం పెట్టి నన్ను బజారంతా తిప్పింది?" అని కేకలేశారు. నేనేనని ఒప్పుకోలేదు.

మర్నాడు కొట్లో గూట్లోంచి ఆ చీర తీసి ఒళ్ళో పరుచుకున్నారు. చీటీ పీకి చదవకుండానే పడేశారు.

"అతన్ని ఎంతమాట అన్నానమ్మా," అన్నారు. "నువ్వెళ్ళి చెప్పు. తిప్పి పంపినవన్నీ తెచ్చెయ్యి. అతని ఎదుట నిలబడటానికి నాకు మొహం చెల్లదు."

నన్ను మాత్రం ఏమీ అడగలేదు. నాకది హాయిగా అనిపించింది, దాచడమెందుకు. మూడో లాప్‌టాప్ కొనేశాం. తెరకు పదికి తొమ్మిది వేశాను.

బందరు బస్సెక్కి వెళ్ళాను. దారంతా మామగారి తరఫున ఏం చెప్పాలో వల్లె వేసుకున్నాను. పెద్దాయన మగ్గం దగ్గరే ఉన్నాడు. ముక్కు మీద కొత్త కళ్ళజోడు. నేను చూడటం చూసి ఆయనే చెప్పాడు.

"చూపు మందగించిందని అయ్యగారు కబురుచేశారు కదమ్మా. ఆస్పత్రికెళ్ళి చూపించుకున్నా. బానే ఉన్నాయన్నాడు డాక్టరు. అయినా అయ్యగారు ఊరికే అనరు గదా అని, అడిగి మరీ జోడు రాయించుకున్నా. రంగులేసే పని ఇప్పుడు మా ఇంటిది చూస్తంది. నా కంటి మీద నాకే నమ్మకం పోయింది."

నేను వల్లె వేసుకున్నదంతా చెప్పాను. శుక్లాలు, ఆపరేషన్, మామగారి బాధ, చీరలన్నీ వెనక్కి తీసుకుంటామన్న మాట. అంతా అయ్యాక ఆయన జోడు తీసి తుండుగుడ్డతో తుడుచుకున్నాడు.

"అయ్యగారికి కనబడలేదు. సరేనమ్మా, ఆయన తప్పేముంది," అన్నాడు. "చీటీలు రాసింది మీరంట గదా. మరి మీకు ఏ రంగు కనబడిందమ్మా?"

"నీలమే, బాబాయ్ గారూ."

"నేనేసిందీ అదేనమ్మా," అన్నాడు.