జిప్సీ మీద ఇరుక్కున్న షాకిల్

2022 వేసవి. విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక చిన్న రిపేరు షెడ్డులో ఫిట్టర్‌గా చేస్తున్నాను. మాకు ఎక్కువగా వచ్చేవి లంగరు గొలుసులు, విండ్లాసులు. విండ్లాస్ అంటే లంగరుని పైకి లాగే యంత్రం. దానికి గుంటలున్న చక్రం ఒకటుంటుంది, జిప్సీ అంటాం. గొలుసులో ప్రతి లింకూ ఆ గుంటల్లో కూర్చుంటూ పోవాలి. ఒక్క లింకు తేడా వచ్చినా గొలుసు గుంట దాటి పైకెక్కి తన్నేస్తుంది.

ఔటర్‌లో, అంటే హార్బర్ బయట సముద్రంలో, ఆగిన ఓడలకి సరుకులు మోసే లాంచి ఓనరు అప్పలనాయుడు ఒక ఉదయం ఆటోలో రెండు గొలుసు ముక్కలు దింపించాడు. ఒకటి లాంచిదే, సగం తెగి సముద్రంలో పోగా మిగిలింది. రెండోది గాజువాకలో పాత సామాన్ల కొట్లో దొరికింది.

"రెండూ కలిపెయ్ బావా. సిన్న వెల్డింగేగా."

కొలిచి చూపించాను. మందం ఒకటే, లింకు పొడవు వేరు. "ఇది జిప్సీ మీద కూర్చోదు నాయుడుగారూ. వెల్డింగ్ పెడితే ఆ వేడికి లింకు బలం పోద్ది. మీ గొలుసుకి సరిపోయే ముక్క తెండి, సీ-లింకు వేసిస్తాను." సీ-లింకు రెండు సగాలుగా వస్తుంది. రెండింటినీ కలిపి సుత్తితో రివిట్ చేస్తే గొలుసులో మామూలు లింకులా కలిసిపోతుంది.

"గొలుసు గొలుసేగా! ఏటంత సదువు సెప్తన్నావ్?" అని వెళ్లిపోయాడు.

మర్నాడు మళ్లీ వచ్చాడు. అవే ముక్కలు! పాతదానికి నల్ల పెయింటు కొట్టి తెచ్చాడు, కొత్తదనుకుంటానని. ఆ పెయింటు ఆరనైనా లేదు, నా చేతులకంతా అంటింది. మళ్లీ కొలిచాను, మళ్లీ చెప్పాను.

మూడో రోజు పొద్దున్నుంచీ అతని ఫోన్లు. ఫోన్లోనూ అదే చెప్పాను. భోజనానికి కూర్చోబోతుంటే మళ్లీ అదే ఆటో.

"ఓడోళ్లు పిలుస్తన్నారు బావా. ఓ షాకిల్ ఏసియ్. జాయింటూ ఆ పాత ముక్కా వచ్చిన కాడ మావోళ్లు సేత్తో లాగుతారు."

షాకిల్ అంటే బోల్టు పెట్టి మూసే యూ ఆకారపు ఇనుప ముక్క. లింకుకన్నా లావు, జిప్సీలో పట్టదు. అది నాకు తెలుసు. కానీ నా ఓపిక అయిపోయింది. ఈ మనిషి నా కళ్లముందు నుంచి పోతే చాలనిపించింది. షాకిల్ వేసి, పిన్ను వదులవకుండా తీగ చుట్టి ఇచ్చేశాను.

వారం తిరక్కుండా కబురొచ్చింది. లంగరు ఎత్తుతుంటే గాలి లేచిందట. షాకిల్ జిప్సీ మీద అడ్డంగా ఇరుక్కుంది. లాంచి నడిపే సరంగు ఎల్లాజీ విండ్లాస్ ఆపి, దాన్ని రాడ్డుతో పక్కకి తోయబోయాడు. గొలుసు ఒక్కసారిగా ఎగిరి జారిపోయింది. అతని కుడిచేతి వేళ్లు రెండు నలిగిపోయాయి. నడిపేవాడు లేక గాలికి కొట్టుకుపోతున్న లాంచిని ఇంకో లాంచి తాడేసి లాక్కురాకపోతే అందరూ అలల్ని ఆపే బ్రేక్‌వాటర్ రాళ్ల మీదకి పోయేవారు. నేను బిగించిన షాకిల్ మాత్రం చెక్కు చెదరలేదు.

రెండు రోజులకి ఎల్లాజీ భార్య పోలమ్మ జాలరిపేట నుంచి చేపల తట్టతోనే షెడ్డుకొచ్చింది. ఓనరుని తిడుతుందనుకున్నాను. నన్నే అడిగింది.

"అది సక్రం మీద పట్టదని నీకు తెల్సా?"

"తెలుసమ్మా. మూడుసార్లు చెప్పాను."

"ఎవులికి సెప్పినావ్?"

"ఓనరుగారికి."

"ఆ సక్రం కాడ సెయ్యెట్టేది ఓనరా? మా ఆయనకి సెప్పినావా?"

చెప్పలేదు. మూడు రోజులు గొంతు చించుకున్నాను గానీ, ఆ గొలుసు లాగే మనిషితో ఒక్క ముక్క మాట్లాడలేదు. 

తర్వాత అప్పలనాయుడు సరైన ముక్కే తెచ్చాడు. "ముందే గట్టిగా సెప్పొద్దా బావా!" అన్నాడు పైగా. పళ్లు బిగబట్టుకుని సీ-లింకు వేశాను. కట్టు కట్టిన చేత్తో ఎల్లాజీ వచ్చి నా పక్కన నిలబడి చూస్తుండగా గొలుసంతా విండ్లాస్ మీద రెండుసార్లు నడిపాం. సాఫీగా పోయింది. అతని చూపుడు వేలు మాత్రం ఈ రోజుకీ పూర్తిగా వంగదు.

తప్పని తెలిసిన పనిని విసుగు కొద్దీ చేసిచ్చినా, అది నేను చేసిన తప్పే. అందుకే ఇప్పుడు ఏ గొలుసు కలిపినా, దాన్ని లాగే మనిషి వచ్చి కళ్లారా చూసేదాకా షెడ్డు దాటనివ్వను. ఓనర్లు విసుక్కుంటారు. విసుక్కోనీ.