ఆకుమడి అర్జీ

అర్జీల మాస్టారు పోయారని మంగళవారం పొద్దున్న టీకొట్టు దగ్గర తెలిసింది. చెప్పినతను బస్సు కంగారులో ఉన్నాడు. "మీ మాస్టారు పోనారంట గదండీ. పదకొండింటికి సమాధికి తీసుకెల్తారంట" అన్నాడు. వినగానే నేనేమన్నానో చూడండి. "రాత్రి ఏం తిన్నారట?" అన్నాను. అతను నన్ను వింతగా చూసి బస్సెక్కేశాడు. అలా అడగడం నాకు అలవాటు చేసింది ఆ పోయిన మనిషే. ఏడుపు ఇంటికి వచ్చాక వచ్చింది.

డెబ్బైల్లో నర్సీపట్నంలో మా తాలూకా ఆఫీసు గేటుకి ఎదురుగా, రేకుల పంచలో బల్ల వేసుకుని ఆయన జనానికి అర్జీలు రాసిపెట్టేవారు. అంతకుముందు మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పారు, అందుకే మాస్టారు. నేను ఆ ఆఫీసులో గుమాస్తాని. ఎవరు రాసిన అర్జీ అయినా చివరికి చేరేది నా బల్లమీదికే. దానికి తోడు నాకు కథలు రాసే పిచ్చి. పంపిన కథ పంపినట్టే తిరిగొచ్చేది.

మిగతావాళ్ల అర్జీలు "తమ పాదపద్మములకు" అని మొదలై రెండు ఠావులు నడిచేవి. మాస్టారి అర్జీ ఆరు పంక్తులు. అందులో లేనిది ఉండేది కాదు, ఉండాల్సింది లేకుండా పోయేది కాదు. ఇదెలా చేస్తున్నాడీయన అని ఉండబట్టలేక, మధ్యాహ్నం క్యారేజీ పట్టుకెళ్లి ఆయన బల్ల చివర కూర్చోవడం మొదలుపెట్టాను.

ఎవరొచ్చినా ముందు వాళ్ల పాదాలు చూసేవారు. "నడిసొచ్చినావా, బస్సా? ఏటి తిని బయలెల్లినావు?" తర్వాత సంగతి చెప్పమనేవారు. కలం మూత తీసేవారు కాదు. అంతా విని, "ఇంకోపాలి సెప్పు" అనేవారు. మళ్లీ విని మళ్లీ అదే మాట. మూడోసారికి గానీ కాగితం ముందుకి జరిగేది కాదు. ఎందుకండీ అని ఒకరోజు అడిగేశాను.

"మొదటిపాలి కోపం మాటాడతాది బాబూ. రెండోపాలి ఏడుపు మాటాడతాది. ఆ రెండూ అలిసిపోతే గానీ జరిగింది బయటికి రాదు."

నా కథ ఒకటి చదివి వినిపించాను. అందులో నాయిక కిటికీ పట్టుకుని మూడు పేజీలపాటు వాన చూస్తుంది. మాస్టారు కళ్లు మూసుకుని విన్నారు. "బాగుంది. మరి ఆ పిల్లకి పొయ్యి మీద ఏటీ లేదా?" అన్నారు. వారం రోజులు ఆ బల్ల ఛాయలకి వెళ్లలేదు నేను.

ఇప్పుడు నా తప్పు సంగతి చెప్పాలి.

ఒక ఏడాది వానలు మొహం చాటేశాయి. కోటవురట్ల వైపునుంచి ఒకామె వచ్చింది. ఎగువ రైతు కాలవకి అడ్డంగా మట్టి వేసేశాడు, ఆమె నారు పోసుకున్న ఆకుమడి ఎండిపోతోంది. మాస్టారు మూడుసార్లూ చెప్పించుకున్నారు గానీ, కుడిచేతి బొటనవేలికి గోరుచుట్టు. పెన్సిలుతో ఎలాగో చిత్తు గీకారు. ఆమెకి బస్సు వేళవుతోంది, తెల్లకాగితం అడుగున వేలిముద్ర వేసి వెళ్లిపోయింది. సాయంత్రం నేను ఆఫీసు దిగి రాగానే, "బాబూ, సాపు రాసి రేపు నీ చేత్తోనే పెట్టీ" అని రెండు కాగితాలూ ఇచ్చారు. ఆమె నా మొహం చూడలేదు, నేను ఆమె మొహం చూడలేదు.

చిత్తు చదివాను. కాలవ పేరు, పొలం ఏ గట్టుకి ఏ పక్క, ఎవరు ఏ రోజు అడ్డం వేశారు, ఏం చేయించాలి. అంతే. ఇందులో గుండె ఎక్కడుంది అనుకున్నాను. భూమాతకి గొంతెండించాను. నారుమొక్కల్ని తల్లిలేని బిడ్డల్ని చేశాను. వేలిముద్రని ఒరుసుకునేదాకా రాసుకుంటూ పోయాను. కాలవ పేరుకి చోటే మిగల్లేదు. నిజం చెప్పాలంటే అది నాకు గుర్తే రాలేదు.

మర్నాడు మా అధికారి దాన్ని ఆఫీసంతా వినేలా చదివి, "ఇంతకీ ఈవిడకేం కావాలయ్యా?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే నామీద నాకు ఇప్పటికీ రోత. వివరాలు లేవు కనక తెప్పించమని రాసి, కాగితం నా బల్లమీదికే పంపారు. నా అర్జీకి నేనే తాఖీదు రాశాను. అది ఆమెకి చేరేలోగా ఆకుమడి ఎండిపోయింది.

మాస్టారికి చెప్పేశాను. ఆయన తిట్టలేదు. "ఆ కాలవ పేరేటి బాబూ?" అన్నారు. నాకు తెలియదు. "చింతలగెడ్డ" అని ఆయనే చెప్పి, మర్నాడు వేలికి గుడ్డ చుట్టుకుని కోటవురట్ల బస్సెక్కారు. రెండో అర్జీకి కాలవ తెరిపించారు. ఆ ఊళ్లో ఆమెతో ఏమన్నారో ఆయన చెప్పలేదు. అన్నీ అడగడం నేర్చుకున్న నేను ఆ ఒక్కటీ అడగలేదు, ఈ పదేళ్లకు పైగా.

తర్వాత నా కథ ఒకటి అచ్చయింది. చదివి వినిపిస్తే, "ఈపాలి పొయ్యి మీద ఏటుందో తెలిసింది" అన్నారు. ఆ మెప్పు నాకు చాలు.

మంగళవారం సమాధి దగ్గర ప్రార్థన అయ్యాక మళ్లీ వాళ్లింటికి వచ్చాం. వసారాలో చాపమీద ఒక ముసలామె కూర్చుని ఉంది. పాదాల నిండా ఎర్రమట్టి.

"నడిచొచ్చారా అమ్మా?"

"బస్సు అందనేదు బాబూ. సగం దూరం నడిసే వొచ్చినాను." తనంతట తనే చెప్పుకుపోయింది. "నా ఆకుమడి ఎండిపోయినప్పుడు ఈ మాస్టారు బాబే నా గుమ్మంలోకొచ్చినారు. తప్పు నాదేనమ్మా, కాలవ పేరు రాయడం మరిసిపోనాను, అన్నారు. ఆ నొప్పి సేత్తోనే ఇల్లిల్లూ తిరిగి నారు అడిగి తెచ్చినారు. అంత సదువుకున్నోలు అలగ తప్పొప్పుకుంతారా?"

స్తంభం పట్టుకున్నాను.

"ఆ తప్పు ఆయనది కాదమ్మా. ఆయన సరిగ్గానే రాశారు. అది తీసేసి నా సొంతం రాసింది నేను."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"మరైతే, నువ్వేటి రాసినావు బాబూ?" అంది. చాపమీద పక్కకి జరిగి చోటిచ్చింది. "కూకో. సెప్పు."

చెప్పాను. భూమాత గొంతు, తల్లిలేని నారుమొక్కలు, ఒక్కటీ వదల్లేదు. ఎలాగో ముగించి తల వంచుకున్నాను.

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, "ఇంకోపాలి సెప్పు" అంది.