పద్దెనిమిది అంగల చీకటి

ఫిర్యాదుకు వచ్చిన జవాబులో నాలుగే వాక్యాలున్నాయి. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి హెడ్ నర్సు గొంతు లేచింది.

"'మీరు జతపరచిన ఫొటోలను పరిశీలించగా సదరు సందులో వెలుతురు తగినంత ఉన్నట్లు తెలియుచున్నది.' విన్నావా అక్కా? మన ఫొటోలతోనే మన నోరు మూయించారు!"

కాగితాన్ని రికార్డుల గది బల్లమీద పడేసి ఆమె కుర్చీలో కూలబడింది. బల్లకు అవతల కూర్చున్న మనిషిని ఆసుపత్రిలో పెద్ద డాక్టరు దగ్గర్నుంచి లిఫ్ట్ నడిపే అతని దాకా అందరూ డార్క్‌రూమక్క అంటారు. జీతాల పట్టీలో తప్ప ఆమె అసలు పేరు ఎక్కడా కనిపించదు. వయసు యాభై ఏడు. కళ్లజోడు మెడలో తాడుకు వేలాడుతుంటుంది గానీ ముక్కుమీదికి ఎక్కడం తక్కువ.

"ఏదీ, ఏం ఫొటోలు పంపారో చూడనీ."

హెడ్ నర్సు ఫోన్ అందించింది. సందు కడిగిన పళ్లెంలా ఉంది. గోడ ఇటుకలు లెక్కపెట్టుకోవచ్చు. ఆకాశం నీలంగా మెరుస్తోంది. డార్క్‌రూమక్క పగలబడి నవ్వింది.

"ఇదేంటమ్మాయ్, పట్టపగల్లా ఉంది! ఇది చూసి నేనైనా దీపాలు దండగనే రాస్తాను."

"నవ్వకక్కా, ఒళ్లు మండిపోతోంది. రాత్రి ఎనిమిదింటికే తీశాం. కళ్లకు గోడే కనబళ్లేదు."

"నీ ఫోన్ ఒక్క ఫొటో తీసి ఊరుకోదు. నువ్వు బొత్తాం నొక్కి ఊపిరి బిగబట్టేలోపు పదో పన్నెండో తీసి, ఒకదానిమీద ఒకటి పేర్చి, ఉన్న కాస్త వెలుతురునీ పోగేస్తుంది. నువ్వు చూసి మురిసిపోవాలని దాని తాపత్రయం. చీకటిని చీకటిగా చూపించమంటే దానికి చేతకాదు."

"మరి నీకు చేతనవుతుందా?"

"అదేం ప్రశ్న?" అంది డార్క్‌రూమక్క.

ఆ సందు ఆసుపత్రి వెనక గేటు నుంచి బస్టాపుకు పోతుంది. ఎనిమిదింటికి డ్యూటీ దిగిన నర్సులందరికీ అదే దారి. గేటుమీది బల్బు వెలుతురు పది అంగల దాకా సాగి ఆ తర్వాత చేతులెత్తేస్తుంది. పద్దెనిమిదో అంగ దగ్గర సందు మలుపు తిరుగుతుంది. సరిగ్గా అక్కడే మురుగుకాలవ మీద పలక ఊడిపోయింది. కిందటి నెల ఉద్యోగంలో కొత్తగా చేరిన నర్సు ఒకామె అందులో కాలు పెట్టి చీలమండ విరగ్గొట్టుకుంది. ఆ ఎక్స్‌రేకు నంబరు వేసి ఫైల్లో పెట్టింది డార్క్‌రూమక్కే. దీపాల కోసం మున్సిపాలిటీకి రెండుసార్లు అర్జీ పెడితే రెండుసార్లూ తిప్పికొట్టారు. ఈ ఏడాది కొత్త దీపాలు ఎక్కడెక్కడ పెట్టాలో శుక్రవారం మీటింగులో తేలుస్తారు. అది దాటితే మళ్లీ ఏడాది దాకా ఆ మలుపును దేవుడికే వదిలెయ్యాలి. చేతిలో ఉన్నవి నాలుగు రోజులు.

చీకటి డార్క్‌రూమక్కకు కొత్త కాదు. ఎక్స్‌రే ఫిల్ములు కడిగే గదిలో ఇరవై రెండేళ్లు పనిచేసింది. కిటికీ లేని గది, మూడు తొట్లు, మూలన ఒక ఎర్ర దీపం. వేళ్లతో తడుముకుంటూ ఫిల్మును చట్రానికి తగిలించడం, మందులో ముంచడం, నోట్లో అంకెలు లెక్కపెట్టుకోవడం. అర నిమిషం ముందు పైకి తీస్తే ఎముకలోని సన్నటి పగులు మాయమైపోతుంది. డాక్టరు కట్టు లేకుండా ఇంటికి పంపేస్తాడు. ఆ గదిలో ఆమె చేతిమీదుగా వెళ్లిన ఫిల్ము ఏదీ రెండోసారి తీయించాల్సి రాలేదని ఆమె చెప్పుకుంటుంది. కాదన్నవాళ్లు ఇంతవరకూ ఎవరూ లేరు.

కంప్యూటరు మిషను వచ్చాక ఆ గదిలో చీపుళ్లు పెట్టారు, ఆమెను రికార్డులకు పంపారు. ట్యూబులైటు కింద పొద్దంతా కూర్చోవడం మొదట్లో శిక్షలా అనిపించింది. పాత కెమెరా ఒకటి అమ్మకానికి ఉందని తెలిసి కొనుక్కుంది. పొద్దుగూకాక బయల్దేరడం అలా మొదలైంది. మూసేస్తున్న దుకాణాలు, డిపోలో నిలిపిన బస్సులు, వార్డు కిటికీలో నిద్రపోతున్న రోగి పక్కన కూర్చున్న తల్లి. ఫ్లాష్ ఏనాడూ వాడలేదు. "మొహంమీద టార్చి కొట్టి పలకరించినట్టుంటుంది" అంటుంది. కెమెరాను స్టాండుకు బిగిస్తుంది. వేలు తగిలితే అదిరిపోతుందని టైమరు పెట్టి రెండడుగులు వెనక్కి జరుగుతుంది. సూర్యుడు దిగిపోయిన అరగంటకు ఆకాశంలో మిగిలే ఆ కాస్త నీలాన్ని పొదుపుగా వాడుకుంటుంది.

ఆమె భర్త బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. తలుపు వెనక నిలబెట్టిన ఆ స్టాండును చూస్తే ఆయనకు కిట్టదు. "నాతో కంటే ఆ మూడుకాళ్ల మొగుడితోనే ఎక్కువ తిరుగుతావు నువ్వు" అంటాడు.

"అది కదలదండీ, మాట్లాడదు. మీరు నేర్చుకుంటే మిమ్మల్నీ తిప్పుతాను" అంటుంది ఆమె.

మంగళవారం ఎనిమిదింటికి ఒక్కతే సందుకు వెళ్లింది. కెమెరా బిగించింది, తీసింది, వెనక తెరమీద చూసుకుంది. గేటు దగ్గర కాస్త వెలుతురు, ఆపైన మసక, మలుపు దగ్గర చిక్కటి నలుపు. కంటికి ఎలా ఉందో అచ్చంగా అలాగే వచ్చింది. ఒక్కటి చాలనుకుని సామాను సర్దేసింది. ఇంటికి వెళ్లేసరికి అన్నం కూడా చల్లారలేదు.

బుధవారం మధ్యాహ్నం ప్రింట్ల షాపువాడు కవరు అందిస్తూ ఇబ్బందిగా తల గోక్కున్నాడు.

"అమ్మా, లెన్సు మూత తీశారా?"

కాగితం నల్లగా ఉంది. గేటు దగ్గర గోరంత మరక తప్ప ఏమీ లేదు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. షాపువాడి ప్రశ్న తగల్లేదు, తప్పు ఎక్కడ జరిగిందో ఆ క్షణంలోనే అర్థమైపోవడం తగిలింది. చీకట్లో నిలబడి వెలిగే తెరను చూస్తే ఏ ఫొటో అయినా వెలుగుతూనే కనిపిస్తుంది. ఎర్ర దీపం కింద తడి ఫిల్ము ఉన్నదానికంటే నల్లగా కనిపిస్తుందని, దాన్ని చూసి తీర్పు చెప్పొద్దని, గడియారాన్నే నమ్మమని ఇరవై రెండేళ్లు శిక్షణకొచ్చిన ప్రతివాళ్ల చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. ఇప్పుడు తానే వెళ్లి తెరను నమ్మింది.

"మూత తీశానయ్యా. బుర్రమీదిదే తియ్యలేదు" అని కవరు సంచిలో పెట్టుకుంది.

ఆ రాత్రి ఎనిమిదింటికి సందుకు ముగ్గురు వెళ్లారు. భర్తకు తెల్ల చొక్కా వేయించింది. హెడ్ నర్సును యూనిఫాంలోనే రమ్మంది.

"ముందు పావుగంట ఊరికే కూర్చోండి. ఫోన్లు తియ్యొద్దు."

"ఎందుకు?" అన్నాడు భర్త.

"కళ్లు చీకటికి అలవాటు పడాలి. అప్పటికీ కనబడనిదే నిజంగా కనబడనిది. లేకపోతే దీపాల విభాగం ఇంజనీరు మీ కళ్లే బాగోలేవంటాడు."

పావుగంట తర్వాత భర్తను గేటు దగ్గర్నుంచి అంగలు లెక్కపెట్టుకుంటూ నడవమంది. హెడ్ నర్సు కెమెరా పక్కన నిలబడి చూస్తోంది. ఎనిమిది, కనిపిస్తున్నాడు. పది, చొక్కా కనిపిస్తోంది. పన్నెండు, ఏదో ఉన్నట్టుంది. పదిహేను.

"బావగారూ, ఉన్నారా?"

"ఉన్నానమ్మా, ఎక్కడికి పోతాను!" అని చీకట్లోంచి జవాబొచ్చింది.

డార్క్‌రూమక్క ఆ అంకెలు చిన్న పుస్తకంలో రాసుకుంది. భర్తను పదో అంగ దగ్గరికి రప్పించింది. హెడ్ నర్సును పద్దెనిమిదో అంగ దగ్గర కాలవ పక్కన జాగ్రత్తగా నిలబెట్టింది.

"ఇప్పుడు నేను చెప్పేదాకా ఇద్దరూ కదలకూడదు. కదిలితే ఫొటోలో దయ్యంలా చెదిరిపోతారు."

"ముప్పై ఏళ్లు కూర్చుని చేసిన ఉద్యోగం నాది. నిలబడే పని నాకు పెడతావా?"

"స్టాపులో ఆపిన బస్సనుకోండి."

అర సెకను, ఒక సెకను, రెండు, నాలుగు, ఎనిమిది. మిగతా ఏ మీటా కదపకుండా షట్టరు తెరిచి ఉంచే సమయం ఒక్కటే మారుస్తూ పోయింది. తెరకు నల్ల కాగితం అంటించేసింది, చూడాలనిపించినా చూడకుండా. ఎనిమిది సెకన్లప్పుడు భర్త మెడమీద దోమను కొట్టుకున్నాడు. అదొక్కటి మళ్లీ తీయాల్సి వచ్చింది. తర్వాత స్టాండు భుజానేసుకుని, సందు బస్టాపు చివర కూడా ఆగి తీసి, ముగ్గురూ పెద్ద రోడ్డుమీదికి వెళ్లారు. అక్కడ దీపాల కింద అవే లెక్కలతో అన్నీ తీసింది.

గురువారం ప్రింట్లన్నీ రికార్డుల గది కిటికీ దగ్గర పరిచి చిన్న పుస్తకంలోని అంకెలతో పోల్చింది. అర సెకను ప్రింటులో భర్త లేనేలేడు. నాలుగు సెకన్లలో పద్దెనిమిదో అంగ దాకా అన్నీ తేటగా వచ్చేశాయి. అది ఫోన్ చెప్పిన అబద్ధానికి తమ్ముడు. రెండు సెకన్లదానిలో పదో అంగ దగ్గర తెల్ల చొక్కా ఉంది, పన్నెండు దగ్గర గోడ మసకేసింది, ఆ తర్వాత ఏమీ లేదు.

"ఇదీ" అంది హెడ్ నర్సుతో. "మన కళ్లు చూసింది ఇదే."

"నేనెక్కడున్నానక్కా?"

"కనబడకపోవడమే నీ ఉద్యోగం."

శుక్రవారం మీటింగుకు ముందు వెళ్లేసరికి దీపాల విభాగంలో అసిస్టెంట్ ఇంజనీరు ముందు ఫైళ్లు గోడ కట్టినట్టున్నాయి. మనిషి చెడ్డవాడేం కాదు. పొద్దున్నుంచి అందరి చీకట్లూ విని విసిగిపోయాడు. ప్రింటు అందుకుని ఒక్క చూపు చూశాడు.

"మొన్న వెలుతురుందని ఫొటో పంపారు. ఇప్పుడు లేదని తెచ్చారు. కావాలంటే నా గదిని కూడా ఇంత చీకటిగా తియ్యొచ్చు మేడమ్."

"తియ్యొచ్చు సార్" అంది డార్క్‌రూమక్క, ఏ మాత్రం తడబడకుండా. "అందుకే ఇది కూడా తెచ్చాను. ఇది పెద్ద రోడ్డు. అదే రాత్రి, అదే కెమెరా, అదే రెండు సెకన్లు. వెనకాల రాశాను చూడండి."

పెద్ద రోడ్డు ప్రింటులో దీపాల చుట్టూ కాస్త తెల్లబారింది గానీ మెడికల్ షాపు బోర్డు మీది ఫోన్ నంబరు కూడా చదవొచ్చు. ఇంజనీరు రెండు ప్రింట్లూ పక్కపక్కన పెట్టుకున్నాడు. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"సందులో ఎంతమంది ఉన్నారో చెప్పండి సార్" అంది ఆమె.

"ఒకాయన. తెల్ల చొక్కా."

"ఇద్దరున్నారు."

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్లి ప్రింటును వెలుతురుకు అటూ ఇటూ తిప్పాడు. కళ్లజోడు తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

"రెండోవాళ్లెవరు? ఎక్కడ?"

"నేనే సార్" అంది హెడ్ నర్సు. "ఇదే తెల్ల యూనిఫాం. కాలవ పక్కన నిలబడ్డాను. రోజూ ఎనిమిదింటికి పాతికమందిమి అక్కడే ఉంటాం. ఇలాగే, ఎవరికీ కనబడకుండా."

డార్క్‌రూమక్క నాలుగు సెకన్ల ప్రింటు తీసి పైన పెట్టింది. కాలవ నోరు, ఊడిన పలక, దాని పక్కన చేతులు కట్టుకుని బిర్రుగా నిలబడ్డ హెడ్ నర్సు. ఇంజనీరు ఊడిన పలకమీద వేలు పెట్టి చూశాడు. జేబులోంచి తన ఫోన్ తీసి దానివంక ఒకసారి అనుమానంగా చూసి, బల్లమీద బోర్లా పెట్టేశాడు.

"మీరు ఎక్కడ పనిచేస్తారమ్మా?"

"ఎక్స్‌రేలో చేసేదాన్ని. విరిగింది విరిగినట్టు చూపించడమే మా పని సార్."

ఆయన సందు ఫైలు తెరిచి, కొట్టేసిన పాత అర్జీమీద కొత్త కాగితం గుచ్చాడు. స్తంభం ఎక్కడ పడాలో ప్రింటుమీదే గుర్తుపెట్టబోయాడు. నల్లటి చోట పెన్ను గీత ఆనలేదు. పసుపు చీటీ ముక్క చింపి, హెడ్ నర్సు కనబడకుండా నిలబడ్డ చోట అంటించాడు. బస్టాపు వైపు అంగలు లెక్కేసుకుంటూ ఇంకో చీటీ, ఇంకోటి.

"మూడు స్తంభాలు రాస్తున్నాను. మీటింగులో ఈ రెండు ప్రింట్లూ నేనే చూపిస్తాను."

"బస్టాపు చివర కూడా చీకటే సార్. నాలుగు రాయండి" అంది హెడ్ నర్సు.

"దానికి ఫొటో ఉందా?"

డార్క్‌రూమక్క అప్పటికే కవరులో చెయ్యి పెట్టింది.