కొండ తట్టు తిరిగి చెప్పిన అబద్ధం

ఏండ్ల తరబడి ఒక మాట మోస్తా ఉండాను. మా ఆయనకు చెప్పలేదు, అమ్మకు చెప్పలేదు. ఎవురికి చెప్పాల్నో ఆమెకే చెప్పలేకపోయినాను. మీరెవురో నాకు తెలీదు, అందుకే మీకు చెప్తా ఉండా. మంచిదాన్నని అనిపించుకోవాలని కాదు. ఇంక మొయ్యలేక.

సుగుణ, నేను తిరుచానూరులో ఒకే బడి. ఇద్దరికీ చదరంగం పిచ్చి. నేర్పేవాళ్ళు యాడుండారు మాకు? మా నాయన నేర్పిన ఆటలో బంటు ఎప్పుడూ ఒక గడే జరిగేది. మొదటి పోటీలో ఎదుటి పిల్ల బంటును రెండు గడులు జరిపితే "దొంగాట!" అని అరిచినాను. అందరూ నవ్వినారు. ఆ రోషంతోనే లైబ్రరీలో పాత పుస్తకం పట్టుకోని, అర్థం కాకపోయినా మళ్ళా మళ్ళా ఏసి చూసుకోని, ఓడిపోయిన ఆటలన్నీ తిరగేసుకోని ఇద్దరం నేర్చుకున్నాము. ఎవురికేం తెలిసినా అది ఇద్దరిదీ. అదీ మా ఒప్పందం.

అట్లాంటిది, జిల్లా పోటీకి ముందర సుగుణ ఒక ఎత్తు చూపించింది. గుర్రాన్ని బలిచ్చి ఎదుటి రాజును బయటికి లాగే ఎత్తు. వాళ్ళింట్లో పూలు కడతారు. చేతులు మాల కడతా ఉంటే తలకాయలో ఆట నడుపుకుంటా, నెలల తరబడి పట్టుబట్టి కనిపెట్టిందంట. నెలలు! నాతో ఒక్క మాట అనకుండా! నాకు ఒళ్ళు మండిపోయింది. ఇదేనా స్నేహం? నన్ను దాటిపోవాలనే దాచిపెట్టింది అనుకున్నాను. దేవుడి తోడు, ఆ పొద్దు మోసపోయింది నేనే అనిపించింది.

వాళ్ళింట్లో మంచి ఫోను లేదు. ఎత్తు సరైందో కాదో చెప్పే చదరంగం యాప్ ఉండేది మా నాయన ఫోన్లోనే. "దాంట్లో ఏసి సూడు మే" అనింది. ఏసి చూసినాను. ఎన్ని రకాలుగా తిప్పినా ఫోను ఒకటే చెప్పింది. గుర్రం ఇచ్చినోళ్ళదే గెలుపు.

మరుసటి రోజు అడిగింది.

"ఏమంటాది మే?"

"తప్పంటాది. గుర్రం ఊరికే పోతాదంట."

"నిజంగానా? నేను అన్నిసార్లు సూసుకున్నానే!"

"కొండ తట్టు తిరిగి చెప్తా ఉండా, సూడు."

మా తావ తిరుమల కొండ తట్టు తిరిగి ఒక మాట చెప్తే మళ్ళా ఎవురూ అడగరు. సుగుణ కూడా అడగలేదు. "సరైందని తేలినాక నీకూ ఇద్దామనే మే, అందుకే ఇన్నాళ్ళు చెప్పలా" అనింది.

అప్పుడన్నా నోరు తెరవొచ్చు కదా? తెరవలేదు. కొండ సాక్షిగా చెప్పినాక ఎనక్కి ఎట్ల తీసుకునేది అని నాకు నేనే చెప్పుకున్నాను. ఉత్త సాకు. ఎన్నోసార్లు నన్ను నేను అడిగి చూసుకున్నాను, భయమా, సిగ్గా, కోపమా అని. ఏదీ కాదు. ఆమె నాకంటే తెలివైందని నాకు తెలిసిపోయింది, అంతే.

పోటీలో ఆమెకు సరిగ్గా ఆ ఆటే పడింది. పక్క బల్ల కాడ నుంచి చూస్తా ఉండా. చెయ్యి గుర్రం దాకా పోయి ఆగింది. వేరే ఎత్తు ఏసింది. ఓడిపోయింది. నేను జిల్లా జట్టులోకి పోయినాను. మళ్ళా సుగుణ ఆడలేదు.

ఇప్పుడు నేను తిరుపతిలో పిల్లోళ్ళకు చదరంగం నేర్పిస్తా ఉండా. పోయిన నెల సుగుణ కూతుర్ని తీసుకోని వచ్చింది. ఎంత సంతోషంగా నా చెయ్యి పట్టుకునిందో! ఆ పిల్ల బోర్డు చూసి, ఎవురూ చెప్పకుండానే ఒక మంచి ఎత్తు ఏసి, "నేనే కనిపెట్టినా మా!" అని ఎగిరింది. సుగుణ పిల్ల తల నిమిరి నవ్వతా అనింది.

"సొంత తలకాయను నమ్ముకోవద్దు పాపా. నేను నమ్మి సూసినా. అత్త ఏం చెప్తే అదే ఎయ్యి."

నేను పావులు సర్దతా తలొంచుకున్నాను.

సుగుణ ఎత్తు సరైందే. దాన్ని తప్పనింది ఫోను కాదు, నేను. ఇంతవరకు రాసేసరికి కొంచెం ఊపిరాడతా ఉండాది. ఆమెకు మాత్రం ఇంకా చెప్పలేదు. ఆ పిల్ల రోజూ వస్తా ఉండాది. ప్రతి ఎత్తుకు ముందర నా మొకం చూస్తాది.