సుక్కి కారెక్కిన ముచ్చట

మా చుట్టాలిళ్లలో పెళ్లయినా, పురుడైనా, భోజనాలయ్యాక నన్ను మధ్యలో కూర్చోబెట్టి ముచ్చట చెప్పమంటారు. ఎన్ని చెప్పినా చివరికి ఒకటే అడుగుతారు, మేక కారెక్కిన ముచ్చట. చెబుతాను. కడుపు పట్టుకుని నవ్వుతారు. ఆ నవ్వు నా నెత్తి మీద రాళ్ల గంపలా దిగుతుంది. ఏళ్ల తరబడి మోస్తున్నాను. దింపుకుందామంటే చోటు దొరకలేదు. మీరు నన్నెరుగరు, నేను మిమ్మల్నెరుగను. అందుకే మీ ముందు దింపుతున్నాను. నా చదువు నాలుగో తరగతితో ఆగింది. తప్పులుంటే మన్నించండి. అక్షరాల తప్పుల సంగతే అంటున్నాను, రెండో తప్పుకు అడిగే ముఖం నాకు లేదు.

ఆ ముచ్చట అబద్ధం.

మాది నస్పూర్. మా ఆయన బొగ్గు బాయిలో పనిచేసి, నౌకరీ దిగిపోయాక కారు కొన్నాడు. ఇన్నాళ్లు భూమి కింద చీకట్లో తిరిగిన మనిషి, ఎండలో దర్జాగా తిరగాలని ఆయన కోరిక. పండు మిరపకాయ రంగు కారు. నడపడం చేతికి రాకముందే కొనేశాడు. అల్లుడు తెచ్చి ఇంటి ముందు నిలబెట్టాడు. పూజ చేశాం. ముందు బానెట్ రేకు మీద పసుపు ముద్దతో స్వస్తిక్ వేసి, అద్దం దాకా కుంకుమ బొట్లు పెట్టి, కింద బంతిపూల దండ కట్టాను.

అప్పుడే అందరి ముందూ ఆయన ఒక మాటన్నాడు. "గిది నీ ఇత్తడి బిందె గాదే. బూడిద వట్టుకొని తోముతవేమో, జర దూరముండు!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ మాట లోపల ఎక్కడో గుచ్చుకుంది. నాకు తెలిసిన విద్య అదొక్కటే కదా. నా బిందెల మెరుపు చూడ్డానికి వాడకట్టు ఆడవాళ్లు వచ్చేవారు.

తెల్లారి ఆయన లక్సెట్టిపేటలో ఉన్న మా ఆడబిడ్డకు కారు చూపించాలని, ఆమెను తీసుకురావడానికి బస్సెక్కి పోయాడు. కొత్త కారు వాకిట్లో, కారు యజమాని బస్సులో. ఎండకు పసుపు ఎండి పెచ్చులు కట్టింది. ఆడబిడ్డ వచ్చేసరికి కారు తళతళలాడాలి, చూసి ఆయన నోట మాట రాకూడదు అనుకున్నాను. ఇంకేం ఆలోచించాను? ఏమీ లేదు. చింతపండు నానబెట్టాను. బొగ్గు పొయ్యిలో బూడిద తీశాను. కొబ్బరి పీచు పట్టుకుని తోమాను. బిందెను తోమినట్టే, గుండ్రంగా, బలంగా.

అద్దం దగ్గరి బొట్టుకు చెయ్యి అందలేదు. ఒక మోకాలు రేకు మీద మోపి వంగాను. టప్పుమని చప్పుడైంది. కాలు తీసి చూస్తే రేకు లోపలికి పోయి గుంట పడింది. నీళ్లు పోసి కడిగాను. పసుపు పోయింది. దాని కింద సాలెగూడు అల్లినట్టు గీతలే గీతలు. ఎర్ర రంగు మీద తెల్లటి గీతలు.

కొబ్బరి నూనె రాశాను. గీతలు మాయమయ్యాయి. హమ్మయ్య అనుకున్నాను. కాసేపటికి దుమ్ము వచ్చి ఆ నూనెకే అంటుకుని ఒక్కో గీతనూ ఇంకా ఎత్తి చూపించింది. తుడిచాను. మళ్లీ రాశాను. మళ్లీ అంతే.

అప్పుడు వచ్చింది సుక్కి.

మా గోడ పక్కనే లచ్చవ్వ ఇల్లు. భర్త లేడు. కూతురు పెళ్లయి మెట్‌పల్లిలో ఉంది. లచ్చవ్వ బతుకంతా మేకల మీదే, వాటిలో పెద్దది సుక్కి, నల్లది, నుదుట తెల్ల చుక్క. పుట్టగానే తల్లి చచ్చిపోతే లచ్చవ్వ గుడ్డ పీలిక పాలలో ముంచి దాని నోట్లో పెట్టి పెంచింది. ఆ సుక్కి వచ్చి కారుకు కట్టిన బంతిపూల దండ తినడం మొదలుపెట్టింది. రేకును ముట్టుకోనైనా లేదు. నేలమీద నిలబడి, కళ్లు సగం మూసి, తీరిగ్గా నమిలింది. అదిలిస్తే పోయింది. సగం దండ వేలాడుతూ మిగిలింది. నేను ఆ దండ వైపు చూశాను. గుంట వైపు చూశాను.

ఆయన ఒక్కడే తిరిగి వచ్చాడు, ఆడబిడ్డకు వీలు పడలేదట. కారు చూసి నిలబడిపోయాడు. "ఏందే గిది?" అన్నాడు.

"లచ్చవ్వ మేక," అన్నాను.

అంతే అన్నాను. ఎక్కింది అనలేదు. మిగతాది ఆయనే అనుకున్నాడు. ఎన్నో ఏళ్లు నాకు నేను ఈ సాకే చెప్పుకున్నాను, నేను అన్నవి రెండే మాటలు, ఆ రెండు మాటల్లో అబద్ధమేముందని. కానీ తర్వాత జరిగింది కూడా చెప్పాలి కదా.

ఆయన గోడ మీదుగా కేకేశాడు. "ఓ లచ్చవ్వా! నీ మేకకు షికారు కావాల్నంటే నన్నడుగు, ఎక్కించుకపోత. బండి మీదెక్కి ఎగురుడేంది?"

లచ్చవ్వ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. ముందు నవ్వింది. "ఏందన్నా, పరాచికమా? పూలు తిన్నదంటే ఒప్పుకుంట, దాని నోటికి ఆపు లేదు. గని కారెక్కుడేంది? సూడి మీదున్నది, అరుగెక్కాలంటేనే ఆయాసపడ్తంది."

"మరి గీ గుంట నేను తవ్విన్నా? బాయిల తవ్వింది సాలలేదని ఇంటికొచ్చి తవ్వుకున్ననా?"

లచ్చవ్వ వంగి చూసింది. గీతల మీద వేలితో రుద్ది చూసింది. ఆమె ముఖంలో నవ్వు పోయింది. నెమ్మదిగా నా వైపు తిరిగింది.

"వదినె, నువ్వు సూసినవా?"

ఆ అడగడంలో కోపం లేదు. నేను ఏదంటే అదే నమ్ముదామని అడిగింది. ఒక్క మాట చాలు. లేదు లచ్చవ్వా, నేనే తోమిన అంటే అయిపోయేది. ఆయన కొట్టే మనిషి కాదు. తిట్టినా పూటలో మరిచిపోయే మనిషి. మరి దేనికి భయపడ్డాను? నవ్వుతాడని. 'చెప్పిన్నా లేదా' అని పదిమందిలో మళ్లీ నవ్వుతాడని.

"సూసిన," అన్నాను.

"వదినె సూసిందంటే ఇగ మాటెందుకన్నా," అంది లచ్చవ్వ. "తప్పు నాదే. కట్టెయ్యకపోతి."

ఆయన కోపం ఆ రాత్రికే చల్లారింది. మేకలను కట్టేసుకుంటే చాలన్నాడు. కానీ లచ్చవ్వ మాట పడి ఉండే మనిషి కాదు. సుక్కిని లక్సెట్టిపేట సంతకు తోలుకుపోయి అమ్మింది. కడుపుతో ఉన్నదాన్ని అమ్మింది. వచ్చిన డబ్బు కొంగుముడి విప్పి నా చేతిలోనే పెట్టింది. "అన్నకియ్యి, బండి బాగు సేయించుకోమను," అంది. నా చెయ్యి వెనక్కి రాలేదు. వద్దంటే ఎందుకు వద్దంటున్నావని అడుగుతుందేమోనని తీసుకున్నాను.

అల్లుణ్ని పిలిచి, కారును మంచిర్యాలలో డెంటింగు చేసే షెడ్డుకు తీసుకుపోయాం. గుంట పడిన రేకును లోపలి నుంచి తట్టి పైకి తెచ్చారు. మెత్తటి కాగితంతో రుద్ది, లప్పం పెట్టి, రంగు కొట్టి, మెరుగు పెట్టారు. ఆయన మేక సంగతి చెబితే షెడ్డంతా నవ్వింది. "మేకనా సార్, బర్రెనా?" అన్నాడొకడు. "మా ఇంటిది కండ్లార సూసింది," అన్నాడాయన, నా వైపు గర్వంగా చూస్తూ. కారు బయటికి తెచ్చాక గుంట ఎక్కడుండేదో నేను వెతికాను. చెయ్యి పెట్టి తడిమాను. దొరకలేదు. డబ్బు కొంత మిగిలితే ఆయన సీట్లకు కవర్లు వేయించాడు. వాటి మీదే కూర్చుని ఇంటికి వచ్చాను.

సుక్కి పోయాక లచ్చవ్వకు మేకల మీద మనసు విరిగింది. ఒక్కొక్కటీ అమ్మేసి బీడీలు చుట్టడానికి కూర్చుంది. ఇప్పటికీ అదే పని. నడుము వంగిపోయింది.

ఇంకొకటుంది. చెప్పడానికి ఇదే ఎక్కువ సిగ్గు. మెట్‌పల్లిలో ఒక పెళ్లికి పోతే మా ఆయన అందరి ముందూ ఆ సంగతి ఎత్తి, నువ్వే చెప్పు, నువ్వే కదా చూసింది అన్నాడు. చెప్పక తప్పలేదు. అయితే చెప్పి ఊరుకున్నానా? సుక్కి రేకు మీద నిలబడి అద్దంలో తన ముఖం తానే చూసుకుని, ఇదెవతె నా లెక్కనే ఉందని కొమ్ములు ఊపిందన్నాను. జనం పడి పడి నవ్వారు. నాకు ఆ నవ్వు తీపిగా అనిపించింది. ఇంకోసారి ఇంకో ముక్క కలిపాను. అట్లా ఏళ్ల మీద ఆ అబద్ధానికి కళ్లు, కాళ్లు, కొమ్ములు నేనే పెట్టి పెంచాను. భయంతో ఆడిన అబద్ధం ఒకటే. మిగిలినవన్నీ ఇష్టంగా ఆడినవే.

ఇప్పుడు ఆ ముచ్చటను అందరికంటే ఎక్కువ అడిగేది ఎవరనుకున్నారు? లచ్చవ్వే. మధ్యాహ్నాలు బీడీల చాట ఒళ్లో పెట్టుకుని మా అరుగు మీద కూర్చుంటుంది. "సుక్కి ముచ్చట సెప్పు వదినె," అంటుంది. చెబుతాను. నవ్వుతుంది. నవ్వి కళ్లు తుడుచుకుంటుంది. "దానికి గంత పొగరుండె," అంటుంది, బిడ్డ గురించి అన్నట్టు. ఆ మేక ఆమెకు మిగిలింది నా నోట్లోనే. అది కూడా లేని మేక.

ఒకసారి గుండె దిటవు చేసుకుని మొదలుపెట్టాను. "లచ్చవ్వా, గా దినం..." అన్నాను. "ఆఁ, అద్దంల మొకం సూసుకున్నది గద!" అని ఆమే అందుకుని చివరిదాకా చెప్పేసింది. నేను ఊఁ కొట్టాను. నిజం చెబితే ఆమె సుక్కిని రెండోసారి అమ్మినట్టవుతుందని నాకు నేను చెప్పుకుంటాను. ఇది ఆమె మీద జాలా, నా మీద నాకున్న జాలా? ఎంత ఆలోచించినా తేలదు.

మొన్న లచ్చవ్వ మనవరాలి పెళ్లిలో నన్ను చెప్పమన్నారు. గొంతు బాగాలేదన్నాను. లచ్చవ్వే లేచి చెప్పింది. నా మాటలే, నా ఆపులే, కొమ్ములు ఊపడం కూడా నాలాగే. చివర్న పెళ్లికూతురు నన్నడిగింది, "నిజమేనా అమ్మమ్మా?" అని. లచ్చవ్వ నా వైపు చూసింది, ఆ రోజు చూసినట్టే. నేను తలూపాను.

ఆ తలూపిన పాపం మోయలేకే ఇది రాస్తున్నాను. సుక్కి కారెక్కలేదు. ఎక్కిన మోకాలు నాది. తోమిన చెయ్యి నాది. చూశానన్న నోరు నాది. కాగితం మీద పెట్టి చూసుకుంటే గుండెల మీద ఏదో కొంచెం జరిగినట్టుంది, ఊపిరి ఆడుతోంది.

గోడ అవతల లచ్చవ్వ దగ్గు వినిపిస్తోంది. ఆమెకు చదవడం రాదు. ఎవరైనా చదివి వినిపిస్తే తప్ప ఈ మాట ఆమెకు చేరదు. అది తెలిసే రాయడానికి ధైర్యం వచ్చిందా నాకు? ఏమో. అదే అయ్యుంటుంది.