పొయ్యికాడ కిటికీ

చిక్కపేటలో బట్టల అంగడి ఉన్న మా మామ, రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఏటా వేసవికి అత్తను వెంటబెట్టుకుని మంగళూరు తీరానికి వెళ్లేవాడు. ఒకసారి అక్కడి నుంచి బొంబాయి దాకా ఓడలో తీసుకుపోయాడు. తిరిగొచ్చాక నెల రోజులు అంగట్లో అవే కబుర్లు: పడక కుర్చీ, చల్లగాలి, ఎగిరే చేపలు. చివరికొచ్చేసరికి మాత్రం ఒకే మాట.

"పరాయి చేతి కూడు నేను ముట్టనప్పా!"

అదో గొప్ప ఆయనకు. అందుకని బసలోనైనా ఓడలోనైనా మూడు పూటలా అత్తే వండాలి.

"ఓడ ఎట్లుండాది అత్తా?" అని ఆమెను అడిగాను. కొంగుకు చేతులు తుడుచుకోనిదే ఆమె ఎవరికీ జవాబు చెప్పేది కాదు. నిదానంగా తుడుచుకుని అంది:

"పొయ్యికాడ కిటికీ లేదప్పా."

రెండేళ్లకు మామ పోయాడు. ఇప్పుడైనా ఆమెకు సముద్రం చూపించాలనిపించింది నాకు.

"మద్రాసు పోదాం రా అత్తా. సముద్రం చూస్తువు. మా ఇంట్లో వాళ్లందరమూ వస్తాం."

అత్త కొంగుకు చేతులు తుడుచుకుంది.

"ఎంతమందికి వండాలప్పా?"

ఆ ప్రశ్నకు నేను తల దించుకుని ఉండాల్సింది. క్షణం కూడా ఆలోచించకుండా, "ఆరుమందికి" అన్నాను.