మొగిలి వడిసెల రాయి

మొగిలి విసిరిన రాయి సుల్తానాబాద్ దగ్గర లేచి బాసరలో గోదావరి అవతల పడిందని నలభై ఊళ్లలో చెప్పాను. నమ్మినవాళ్లే ఎక్కువ. అది నిజంగా ఎక్కడ పడిందో ఇవాళ రాస్తున్నాను.

మొగిలి మా ఊరి పటేల్ జొన్నచేనుకు కావలి. మంచె మీద నిలబడి వడిసెల తిప్పి రాయి వదిలితే, అది కంకులను తాకీ తాకనట్టు పోయేది. పిట్టలు లేచేవి. ఇరవై ఏళ్లుగా ఆ కావలే అతని కూడు.

1961లో నేను తొమ్మిదో తరగతి. తెలివిలో నాకు సాటి లేరు, మార్కులకే ఆ సంగతి తెలియలేదు. విసిరిన వస్తువు ఎలా పోతుందో చూపడానికి సైన్సు సారు రాజయ్య మొగిలిని బడి మైదానానికి పిలిపించాడు. మొదటి రాయి అలవాటుగా అడ్డంగా పోయి మైదానం సగంలో పడింది.

"చూసిండ్రా? ముందుకు ఉరుకుడు, కిందికి పడుడు, రెండూ ఒక్కసారే నడుస్తయి. ఒకదాన్నొకటి ఆపవు" అన్నాడు సారు. "మొగిలీ, గిప్పుడు ఏటవాలుగ పైకి వదులు. ఇంకా దూరం పోతది."

"వద్దు సార్. పిట్టల మీదికే కొట్టిన గని పైన మొగులు మీదికి ఎన్నడు కొట్టలే. గోడవతల పటేల్ ఇల్లున్నది."

"లెక్క కట్టిన. గోడకు ఇవతలనే పడుతది. ఏమన్నైతే నేనున్న గదా!"

"ఏం మొగిలి మామా, బుగులైతుందా?" అని పిరికివాణ్ణి చేసి ఉడికించింది నేనే.

సారు లెక్క చేత్తో విసిరిన రాయికి. ఇది వడిసెల రాయి. గోడ దాటి వంపు తిరిగింది. పెంకులు పగిలిన చప్పుడు వినిపించింది. కాసేపటికి ఆ రాయి పట్టుకుని పటేలే వచ్చాడు.

"ఎవడ్రా ఇసిరింది?"

"సారే పైకి ఇసురుమన్నడు దొరా" అన్నాడు మొగిలి.

సారు చేతికంటిన సుద్ద దులుపుకున్నాడు. "నేను అడ్డంగనే ఇసురుమన్న. పోరగాళ్ల ముందల గొప్పకు పోయిండు."

నేను లేచాను. "సారు అబద్ధమాడుతుండు! ఏమన్నైతే నేనున్న అన్నడు!"

"నువ్వు మానేరుల మొసలిని తోక పట్టి గుంజినోనివి గదరా వెంకటీ?" అన్నాడు పటేల్. తరగతంతా నవ్వింది. సారు కూడా నవ్వాడు.

మొగిలి కావలి ఆనాడే పోయింది. సారును అబద్ధాలకోరన్నందుకు నా చదువు కూడా.

ఏళ్ల తర్వాత శ్రీరాంపూర్ బొగ్గుబాయి దగ్గర చాయ్ హోటల్‌లో మొగిలి కలిశాడు. మొహమంతా మసి.

"రాయి ఇంకా దూరం పోతదని సారు చెప్పింది నిజమే బిడ్డా, గీ బాయి దాక వచ్చి పడ్డది" అన్నాడు. "నేనున్న అన్నది గూడ లెక్కల మాటే, తప్పదు అనుకున్న."